తెల్లవారుజామున ఇంజను పలకాలి!

మొగల్తూరు చుట్టుపక్కల చెరువుల్లో రొయ్య బతకాలన్నా, ఆ చెరువును తవ్విన పాత పొక్లెయిన్ మళ్లీ చెయ్యెత్తాలన్నా ఆధారం ఒక్కటే... ఇంజను పక్కన బిగించిన ఓ చిన్న లోహపు డబ్బా. దాని పేరు డీజిల్ పంపు. అది మొరాయిస్తే ఏమవుతుంది? విప్పి మళ్లీ ప్రాణం పోయడం ఎలా?

మొగల్తూరు అనగానే ఎవరికైనా చప్పున గుర్తొచ్చేది సినిమా. కృష్ణంరాజు సొంతూరు అదే. చిరంజీవి సొంతూరూ అదే. కాస్త పెద్దవాళ్లయితే ఒకప్పటి జమీందారీ కబుర్లు చెబుతారు. కుర్రకారైతే పేరుపాలెం బీచ్ సంగతి ఎత్తుతారు. కానీ ఆ ఊరి పొలిమేరల్లో ఒక్క రాత్రి గడిపితే తెలిసేది మరొకటుంది. అది చప్పుడు! చెరువుల్లో చక్రాలు నీళ్లను చిలికే చప్పుడు. కరెంటు పోగానే గట్టు మీది రేకుల షెడ్డులోంచి మొదలయ్యే డీజిల్ ఇంజను చప్పుడు.

రైలు నరసాపురం దాకా వస్తుంది. అక్కడితో పట్టాలు ఆఖరు. అక్కణ్నుంచి పడమరగా సాగే రోడ్డు మొగల్తూరు చేరుస్తుంది. దారి పొడవునా కొబ్బరిచెట్లు, వరిచేలు, వాటి నడుమ ఎండకు మెరిసే చెరువులు. దక్షిణానికి తిరిగితే సముద్రం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్లు కాలువల వెంట డెల్టా అంతటా పారాయి. ఆ కాలువల శివారు ప్రాంతం ఇది. తీపి నీళ్లు ఆగిపోయేదీ, ఉప్పునీళ్లు మొదలయ్యేదీ ఈ చుట్టుపక్కలే. నేలలో ఉప్పు, గాలిలో ఉప్పు. ఇనుముతో పనిచేసే ఎవరికైనా ఇది కష్టమైన చోటే.

అయినా మరమ్మతు పని ఈ తీరానికి కొత్త కాదు. పదిహేడో శతాబ్దంలోనే నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఓడలు కట్టేవారు. దూరదేశాల ఓడలకు బాగుచేతలూ అక్కడే జరిగేవి. ఇంగ్లిషువాళ్లు ఆ ఊరిని ‘మడపొల్లం’ అన్నారు. అక్కణ్నుంచి ఎగుమతయిన నూలుబట్టకూ అదే పేరు స్థిరపడిపోయింది. అప్పుడు కొయ్య, ఇప్పుడు ఇనుము... అంతే తేడా!

మూడు గంటల గండం

1990ల మొదట్లో టైగర్ రొయ్య ఈ తీరాన్ని ఓ ఊపు ఊపింది. వరి పండే పొలాలు చెరువులయ్యాయి. దశాబ్దం మధ్యకు వచ్చేసరికి తెల్లమచ్చ వైరస్ విరుచుకుపడి ఎందరినో అప్పులపాలు చేసింది. 2009లో వనామీ రొయ్య సాగుకు అనుమతి రావడంతో చెరువులు మళ్లీ కళకళలాడాయి. అయితే వనామీని టైగర్ కన్నా ఎంతో ఒత్తుగా పెంచుతారు. ఒత్తుగా ఉన్నకొద్దీ వాటికి కావాల్సిన ప్రాణవాయువూ ఎక్కువే. అందుకే చెరువు నిండా ఏరియేటర్లు!

పగలు ఇబ్బంది ఉండదు. నీటిలోని సూక్ష్మమైన నాచు ఎండ తగిలి ఆక్సిజన్ ఇస్తుంది. పొద్దుగూకాక లెక్క తిరగబడుతుంది. అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే వ్యర్థాలు... అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్‌ను పీల్చేస్తాయి. తెల్లవారుజాము మూడు నుంచి ఆరు మధ్య అది బాగా అడుగంటుతుంది. లీటరు నీటిలో మూడు మిల్లీగ్రాముల కన్నా తగ్గితే రొయ్యకు ఊపిరాడదు. పైపైకి వచ్చి గట్ల వెంట చేరుతుంది. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయిందనుకోండి... ఏరియేటర్లు ఆగుతాయి. కాపలా ఉన్న మనిషి పరుగున వెళ్లి జనరేటర్ తాళం తిప్పుతాడు. ఇంజను పలికిందా, సరేసరి. పలక్కపోతే మూడు నాలుగు నెలల పంట, దాని మీద పెట్టిన మేత, తెచ్చిన అప్పు... మొత్తం కొన్ని గంటల్లోనే నీళ్లపాలు.

ఆ ఇంజను పలకకపోవడానికి కారణాలు చాలా ఉండొచ్చు. బ్యాటరీ చచ్చిపోవచ్చు, ఫిల్టరు పూడుకుపోవచ్చు. అవి గంటలో సరిచేసుకునే జబ్బులు. పంపు అరిగిపోతే మాత్రం అది పెద్దజబ్బే.

తవ్వినదీ అదే... పూడ్చినదీ అదే!

జనరేటర్ది చెరువుకు కాపలా కాసే పని. అసలు ఆ చెరువును తవ్విందెవరు? పలుగూ పారా పట్టిన మనుషుల తర్వాత ఆ పని పొక్లెయిన్ల చేతికి వచ్చింది. కొందరు ప్రొక్లెయినర్ అంటారు. నిజానికి అది యంత్రం పేరు కాదు. ఫ్రాన్స్‌కు చెందిన ఓ కంపెనీ పేరు పొక్లెయిన్. ఆ నమూనాతో మన దేశంలో ఎల్ అండ్ టీ సంస్థ యంత్రాలు తయారుచేసింది. ఆ తర్వాత ఎన్ని కంపెనీల ఎక్స్‌కవేటర్లు వచ్చినా ఊళ్లో జనానికి అన్నీ పొక్లెయిన్లే. చక్రాల మీద నడిచే తవ్వకపు బండి ఏ కంపెనీదైనా ‘జేసీబీ’ అయినట్టు!

చెరువులు తవ్వడం, గట్లు ఎత్తడం, డ్రెయిన్లలో పూడిక తీయడం, తుపాను వచ్చి గండ్లు పడితే పూడ్చడం... డెల్టాలో వాటికి పనే పని. మొగల్తూరుకు వాయవ్యంగా ఉన్న కొల్లేరులో చెరువుల గట్లు వేసిందీ ఇలాంటి యంత్రాలే, 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట ప్రభుత్వం ఆక్రమిత చెరువుల గట్లు తెగ్గొట్టించినప్పుడు ముందు నడిచిందీ ఇలాంటి యంత్రాలే. కొత్తవి కొనాలంటే లక్షల్లో మాట. అందుకే పెద్ద కాంట్రాక్టర్లు వాడి వదిలేసిన యంత్రాలు చేతులు మారి చిన్న యజమానుల దగ్గరికి చేరతాయి. ఒక్క పాత యంత్రం మీద యజమాని, ఆపరేటరు, హెల్పరు... మూడు ఇళ్లు బతుకుతుంటాయి. అది ఆగిందంటే మూడు ఇళ్లలో పొయ్యి మీద ప్రభావం పడ్డట్టే.

వేలెడంత గుండెకాయ

పెట్రోలు ఇంజనుకు స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్ ఇంజనుకు ఉండదు. సిలిండర్లోకి వచ్చిన గాలిని పిస్టన్ దాదాపు పదహారో వంతుకు నొక్కేస్తుంది. నొక్కిన గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణాన డీజిల్‌ను మంచుతుంపరలా చల్లితే దానంతటదే మండుతుంది. ఆ చల్లే పని నాజిల్‌ది. నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి పుట్టించేది పంపు. ఆ ఒత్తిడి పాత ఇంజన్లలోనే 200 బార్ల దాకా ఉంటుంది. కారు టైరులోని గాలి ఒత్తిడికి అది సుమారు వంద రెట్లు!

నిమిషానికి 1500 చుట్లు తిరిగే జనరేటర్ ఇంజనులో ఒక్కో సిలిండర్‌కు నిమిషానికి 750 సార్లు డీజిల్ అందాలి. అంటే సెకనుకు పన్నెండుసార్ల పైమాటే. ప్రతిసారీ వెళ్లేది ఒకటి రెండు చుక్కలు. ఆ చుక్క ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. కాస్త ముందు పడినా, ఆలస్యంగా పడినా తప్పే.

ఇంత లెక్క చూసుకునేది పంపులోని ‘ఎలిమెంట్’. వేలెడంత ఉక్కు కడ్డీ, దాన్ని తనలో ఇముడ్చుకునే ఉక్కు గొట్టం... ఆ రెండూ కలిస్తే ఎలిమెంట్. కడ్డీని ప్లంజర్ అంటారు, గొట్టాన్ని బ్యారెల్ అంటారు. ఆరు సిలిండర్ల ఇంజను పంపులో ఆరు ఎలిమెంట్లు వరసగా నిలబడి ఉంటాయి. ప్లంజర్ ఒంటి మీద ఏటవాలుగా ఓ గాడి ఉంటుంది. ప్లంజర్‌ను కాస్త తిప్పితే ఆ గాడి పక్కకు జరిగి డీజిల్ మోతాదు మారుతుంది. ఆరింటినీ ఒకేసారి తిప్పే పళ్ల పట్టీ పేరు ర్యాక్. ఇంజను వేగం చూసి ర్యాక్‌ను ముందుకీ వెనక్కీ జరిపేది గవర్నర్. ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా ఆన్ చేసినా జనరేటర్ కాస్త మూలిగి మళ్లీ నిలదొక్కుకుంటుందంటే అది గవర్నర్ చలవే.

ప్లంజర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు ఎంతో తెలుసా? రెండు మూడు మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే వెంట్రుకను పాతిక పాయలు చేస్తే ఒక పాయ పట్టేంత! ఆ సందులో రబ్బరు వాషర్లూ సీళ్లూ ఏమీ ఉండవు. డీజిలే అక్కడ అడ్డుకట్ట, డీజిలే అక్కడ నూనె. అందుకే వాటిని జంటగానే అరగదీసి తయారుచేస్తారు. ఒకదాని ప్లంజర్ మరొకదాని బ్యారెల్‌లో పెట్టకూడదు.

మైకో అంటే పంపే!

రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును 1897లో విజయవంతంగా నడిపి చూపించాడు. కానీ అప్పట్లో ఇంధనాన్ని లోపలికి తోయడానికి పెద్ద గాలి కంప్రెసర్ కావాల్సి వచ్చేది. దాంతో ఇంజను ఫ్యాక్టరీలకూ ఓడలకూ తప్ప బండ్లకు పనికొచ్చేది కాదు. జర్మనీలో బాష్ కంపెనీ 1927లో లారీ ఇంజన్ల కోసం డీజిల్ పంపుల ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ పంపు వచ్చాక డీజిల్ ఇంజను రోడ్ల మీదా, పొలాల్లోనూ విస్తరించింది.

మన దేశంలో 1951లో బెంగళూరు కేంద్రంగా మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ మొదలైంది. పొట్టిగా మైకో. లారీ, ట్రాక్టరు, జనరేటర్... ఎక్కడ చూసినా ఆ పేరే కనబడేసరికి మెకానిక్కుల నోట ‘మైకో పంపు’ అన్న మాట స్థిరపడిపోయింది. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. అయినా పాతకాలపు మేస్త్రీలు ఇప్పటికీ మైకో అనే అంటారు.

నీళ్లే శత్రువు

ఇంత సున్నితమైన వస్తువుకు తీరప్రాంతంలో ముగ్గురు శత్రువులు... నీళ్లు, ఉప్పు, దుమ్ము. గట్టు మీది షెడ్డులో డీజిల్ డ్రమ్ము ఉంటుంది. పగలు వేడెక్కి, రాత్రి చల్లబడేసరికి సగం ఖాళీ ట్యాంకులో గాలిలోని తేమ నీటిబొట్లుగా పేరుకుంటుంది. నీరు డీజిల్ కన్నా బరువు. అడుక్కి చేరి, అక్కణ్నుంచి పైపులోకి వెళ్తుంది. పంపులోకి చేరిన నీటిబొట్టు ఎలిమెంట్‌కు తుప్పు పట్టిస్తుంది. కల్తీ డీజిల్ అయితే మరీ కష్టం. కిరోసిన్‌కు జిడ్డు తక్కువ కావడంతో ప్లంజర్ పొడిగా రాసుకుని గీతలు పడుతుంది.

అరుగుదల మొదలైన పంపు ముందే కబురు పెడుతుంది. వినే చెవి ఉండాలంతే. చల్లగా ఉన్నప్పుడు స్టార్టయ్యే ఇంజను, వేడి మీద ఆపి మళ్లీ తాళం తిప్పితే మొరాయిస్తుందా? ఎలిమెంట్లు అరిగాయని అనుమానించాలి. వేడెక్కి పల్చబడిన డీజిల్ అరిగిన సందులోంచి జారిపోయి ఒత్తిడి నిలవదు. నల్లపొగ వస్తుంటే డీజిల్ ఎక్కువ పోతున్నట్టో, నాజిల్ సరిగా చల్లనట్టో, గాలి ఫిల్టరు మూసుకుపోయినట్టో. తెల్లపొగ ఆగకపోతే చల్లిన డీజిల్ సరిగా మండనట్టు. పనిలేకున్నా ఇంజను వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంటే గవర్నర్‌ను చూడాలి. ఇంజను ఆయిల్ పోయకుండానే మట్టం పెరిగి పల్చబడిందంటే డీజిల్ అందులోకి దిగుతోందన్నమాట. అప్పుడిక పంపు విప్పాల్సిందే.

విప్పడం ఓ విద్య

పంపు పని తెలిసిన మేస్త్రీ స్పానర్ పట్టేముందు చేసే మొదటి పని కడగడం. మట్టి, మడ్డి పోయేదాకా బయట శుభ్రం చేశాకే పైపులు విప్పుతాడు. విప్పిన ప్రతి పైపు మూతికీ మూత. ఇంజను మీద, పంపు మీద ఉన్న టైమింగ్ గుర్తులు చూసుకుని, లేకపోతే గీత పెట్టుకుని అప్పుడు పంపును కిందికి దించుతాడు. ఈ ఒక్క గుర్తు మరిచిపోతే తర్వాత రోజంతా తంటాలే.

డీజిల్ పంపుల వర్క్‌షాపులో ఆ గది మిగతా షెడ్డులా ఉండదు. తలుపులు వేసి ఉంటాయి. ఫ్యాను గాలికి దుమ్ము లేవనివ్వరు. పీచు రాలే గుడ్డతో తుడవరు. ఒకటో సిలిండర్ సామాన్లు ఒకటో గడిలో, రెండోదానివి రెండో గడిలో... ట్రేలో వరసగా పేర్చుకుంటారు. ఒకదానితో ఒకటి కలవకూడదు. శుభ్రమైన డీజిల్‌లో కడిగిన ప్లంజర్‌ను వెలుతురుకు ఎత్తి భూతద్దంతో చూస్తారు. కొత్తదైతే అద్దంలా మెరుస్తుంది. అరిగినదైతే గాడి అంచు దగ్గర నిలువు గీతలతో మసకబారి కనిపిస్తుంది. మరో పరీక్ష కూడా ఉంది. డీజిల్‌తో తడిపిన ప్లంజర్‌ను నిలబెట్టిన బ్యారెల్‌లో కొంచెం పైకి లాగి వదిలితే, అది తన బరువుకు తానే నిదానంగా, ఎక్కడా తట్టుకోకుండా దిగాలి. డబుక్కున పడిందా, అరిగినట్టు. మధ్యలో ఆగిందా, తుప్పో గీతో ఉన్నట్టు.

అరిగిన ఎలిమెంట్లకు మరమ్మతు లేదు, మార్చడమే. డెలివరీ వాల్వులు, బేరింగులు, వాషర్లు, సీళ్లు, గవర్నర్ స్ప్రింగులు... ఒక్కొక్కటే చూసి పనికిరానిది పక్కన పెడతారు. ఖర్చు తగ్గించుకుందామని ఆరింట్లో రెండే మార్చమనే యజమానులూ ఉంటారు. కొత్త రెండూ సరిగా తోస్తే పాత నాలుగూ వెనకబడతాయి. ఇంజను కుంటుతుంది. అందుకే మంచి మేస్త్రీ ఒప్పుకోడు.

గాజు గొట్టాల తీర్పు

బిగించిన పంపు నేరుగా ఇంజను మీదకు వెళ్లదు. ముందు టెస్ట్ బెంచి ఎక్కాలి. మోటారుతో పంపును తిప్పి, ఒక్కో ఎలిమెంట్ ఇచ్చే డీజిల్‌ను గీతలున్న గాజు గొట్టాల్లో పడతారు. ఆరు గొట్టాలు, ఆరు మట్టాలు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉంటే ఎక్కడ తేడా ఉందో ఆ ప్లంజర్‌ను వెంట్రుకవాసి తిప్పి సమం చేస్తారు. దీన్నే కాలిబ్రేషన్ అంటారు. అంతకన్నా ముందు ఫేజింగ్ చూస్తారు. ఆరు సిలిండర్ల పంపు ఒక చుట్టు తిరిగేలోపు ఆరుసార్లు, సరిగ్గా 60 డిగ్రీలకోసారి డీజిల్ తోయాలి. అర డిగ్రీకి మించి తేడా రాకూడదు. చివరగా ఎంత వేగం దగ్గర గవర్నర్ డీజిల్ ఆపేస్తుందో పరీక్షించి స్క్రూలకు సీలు వేస్తారు.

ఈ అంకెలన్నీ కంపెనీ పట్టికలో ఉంటాయి. పంపు మీది చిన్న రేకు బిళ్ల మీది నంబరును బట్టి పట్టిక వెతకాలి. అందుకే ఆ బిళ్లను పారేయకుండా కాపాడుకోవాలి. ‘పికప్ కోసం కాస్త డీజిల్ ఎక్కువ పెట్టండి’ అని అడిగేవాళ్లుంటారు. ఎక్కువైన డీజిల్ సగం నల్లపొగగా పోతుంది, మిగతాది పిస్టన్‌ను కాల్చేస్తుంది.

పంపును మళ్లీ ఇంజనుకు బిగించేటప్పుడు మరో లెక్క. ఫ్లైవీల్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ, మొదటి సిలిండర్ దారిలో అమర్చిన వంపు గొట్టం కొన నుంచి కారే డీజిల్ ధార చుక్కలుగా మారి ఆగే చోటు పట్టుకోవాలి. పిస్టన్ పైకొచ్చేముందు ఎన్ని డిగ్రీల దగ్గర ఆ ధార ఆగాలో అక్కడ పంపును బిగించేస్తారు. ఆ తర్వాత చేతిపంపు కొట్టి గాలి తీస్తారు. బుడగలు పోయి చిక్కటి ధార వచ్చేదాకా ఓపిక పట్టాల్సిందే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు ప్రాణానికి సంబంధించినవి. నడుస్తున్న ఇంజనులో డీజిల్ ఎక్కడ లీకవుతోందో వేలు పెట్టి చూడకూడదు. ఆ ఒత్తిడికి తుంపర చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయమది. రెండోది, నెలల తరబడి ఆగి ఉన్న ఇంజనును స్టార్ట్ చేసేముందు ర్యాక్ స్వేచ్ఛగా కదులుతోందో లేదో చూడాలి. తుప్పుపట్టి పూర్తిగా తెరుచుకున్న చోటే బిగుసుకుపోతే ఇంజను అదుపు తప్పి పరుగందుకుంటుంది. అలాంటప్పుడు ఆపడానికి గాలి వెళ్లే దారిని చెక్కతో మూయాలి. చేత్తో కాదు.

పాత విద్య, కొత్త రోజులు

ఇప్పుడొచ్చే యంత్రాల్లో చాలావాటిలో ఈ పంపు కనిపించదు. రోడ్డు వాహనాలకు 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ నుంచి కొత్త కాలుష్య ప్రమాణాలు అమలయ్యాయి. వాటికి తగ్గట్టు కామన్‌రైల్ ఇంజన్లు వచ్చాయి. అందులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. ఎప్పుడు, ఎంత చల్లాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. పొగ తక్కువ, డీజిల్ ఆదా. ఊపిరితిత్తులకు మేలు చేసే మార్పే ఇది. కానీ చెడిపోతే గట్టు మీద విప్పి చూసే వీలు లేదు. ల్యాప్‌టాప్ తగిలించి లోపం చదవాలి, పార్టు మార్చాలి.

పాత పంపుకు ఆ ఇబ్బంది లేదు. ప్రతి లోపమూ కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది. అరిగినది మారిస్తే ఇంకొన్నేళ్లు నడుస్తుంది. అయితే ఆ గాజు గొట్టాల మట్టం చదివే చేతులు కూడా ఉండాలిగా! ఇది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. మేస్త్రీ పక్కన నిలబడి ట్రేలు కడుగుతూ ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సిందే. కుర్రాళ్లు ల్యాప్‌టాప్ వైపు చూడటం సహజమే. రెండూ వచ్చినవాడికి మాత్రం డెల్టాలో ఇంకా చాలాకాలం పని ఉంటుంది. ఎందుకంటే పాత పొక్లెయిన్లు, గట్టు మీది జనరేటర్లు, ఆయిలింజన్లు ఒక్కరోజులో మాయమైపోవు.

అప్పటిదాకా రైతు చేతిలో ఉన్నది పెద్ద ఖర్చులేని పనే. నమ్మకమైన బంకులో డీజిల్ పట్టించడం. డ్రమ్మును ఓ రోజు కదపకుండా తేరనిచ్చి, అడుగు వదిలి పైది వాడుకోవడం. వడగట్టి పోయడం. రాత్రికి ట్యాంకు నిండుగా ఉంచడం. ఫిల్టరు కింద చేరిన నీటిని తరచూ వదిలేయడం. వేళకు ఫిల్టరు మార్చడం. వారానికోసారి, కరెంటు ఉన్నా సరే, జనరేటర్‌ను లోడు మీద కాసేపు నడిపి చూడటం. ఒక్క ఫిల్టరు ఖర్చుకూ ఆరు ఎలిమెంట్ల ఖర్చుకూ పోలికే లేదు. ఆరు ఎలిమెంట్ల ఖర్చుకూ ఒక చెరువు పంటకూ అసలే లేదు.

ఇవన్నీ చేసిన చెరువు దగ్గర తెల్లవారుజామున కరెంటు పోయినా కంగారుండదు. తాళం తిప్పగానే ఇంజను పలుకుతుంది, చక్రాలు మళ్లీ నీళ్లు చిలుకుతాయి. కాపలా మనిషి టార్చి ఆర్పేసి మంచం మీద ఒరిగిపోతాడు.